పెళ్లి ఇల్లు, నైట్ డ్యూటీలు, లాసెట్: ఈ ఏడు (2025) నాకు జరిగింది

లా సీటు వచ్చిందని తెలిసినప్పటి నుంచి నన్ను అందరూ ఒకటే అడుగుతున్నారు, ఉద్యోగం చేస్తూ, పిల్లోడిని చూసుకుంటూ చదవడానికి టైం ఎట్లా దొరికింది అని. అడిగిన ప్రతి ఒక్కరికీ విడివిడిగా చెప్పలేక ఇక్కడ రాస్తున్నాను. ఏ పుస్తకం చదవాలి, ఎన్ని గంటలు చదవాలి అనేవి ఎక్కడైనా దొరుకుతాయి. ఇంట్లో, డ్యూటీలో ఏం జరుగుతుందో మాత్రం నాకు ముందుగా ఎవరూ చెప్పలేదు.

నాకు ముప్పై ఒక్కేళ్లు. కర్నూలులో కల్లూరు వైపు ఉంటాం. బీకాం 2014లో అయింది, ఆ తర్వాత పుస్తకం పట్టింది లేదు. ఒక ప్రైవేటు ఆస్పత్రిలో ఇన్సూరెన్స్ డెస్కు చూస్తాను, జీతం పదహారున్నర వేలు. మా ఆయన బళ్లారి చౌరస్తా దగ్గర ఒక షాపులో ఆటో ఎలక్ట్రిషియన్. బాబు రెండో తరగతి. అత్త మాతోనే ఉంటుంది, ఆడపడుచుకి ఈ ఏడే పెళ్లి కుదిరింది.

లా వైపు మనసు పోవడానికి కారణం మా డెస్కే. 44వ నంబరు హైవే మీద యాక్సిడెంట్ అయిన కేసులు మా దగ్గరికి బాగా వస్తాయి. అవన్నీ ఎంఎల్‌సీ, అంటే మెడికో లీగల్ కేసుల రిజిస్టరులో రాయాలి, తర్వాత నష్టపరిహారం కేసు కోసం లాయర్ల దగ్గర పనిచేసే పిల్లలు వచ్చి బిల్లులు, డిశ్చార్జి కాగితాల నకళ్లు అడుగుతారు. పోయిన ఏడాది చివర్లో కోడుమూరు వైపు నుంచి ఒకామె వచ్చింది. భర్త మా దగ్గర పదకొండు రోజులుండి పోయాడు. "బిల్లులు యాడ పెట్టినానో తెల్దు మేడం, చీర మూటలో కట్టినట్టు గుర్తు" అని ఒకటే ఏడుపు. కంప్యూటర్లో ఉన్నవన్నీ తీసి ఇచ్చాను. బయట మెడికల్ షాపులో కొన్న మందుల చీటీలు మాత్రం మా దగ్గర ఉండవు కదా, అవి పోయినట్టే. ఆమెకి మొదటి రోజే ఎవరైనా ఒక మాట చెప్పి ఉంటే ఆ కాగితాలు దాచుకునేది. ఆ రోజు ఇంటికి పోయేదాకా అదే ఆలోచన.

ఫిబ్రవరి రెండో వారంలో మా ఆయనతో చెప్పాను, మూడేళ్ల ఎల్ఎల్‌బీకి ఎంట్రన్స్, లాసెట్ రాస్తానని. ఆయన "రాయి, చూద్దాం" అన్నాడు. అత్తకి, ఆడపడుచుకి చెప్పలేదు. పెళ్లి ఖర్చులు లెక్కేసుకుంటున్న ఇంట్లో ఫీజు కట్టే చదువు మాట ఎత్తడానికి నోరు రాలేదు. రాకపోతే పరువు పోతుందని కూడా ఒక భయం. ఆ చెప్పకపోవడం ఎంత దూరం తీసుకుపోయిందో తర్వాత చెప్తాను.

పరీక్ష సంగతి క్లుప్తంగా. 120 ప్రశ్నలు, 120 మార్కులు, గంటన్నర. జనరల్ నాలెడ్జ్, మెంటల్ ఎబిలిటీ కలిపి 30, కరెంట్ అఫైర్స్ 30, చట్టానికి సంబంధించినవి 60. నెగెటివ్ మార్కులు లేవు. క్వాలిఫై కావడానికి 35 శాతం, అంటే 42 మార్కులు చాలు, ఎస్సీ, ఎస్టీలకు ఆ కనీసం కూడా లేదు. ప్రశ్నలు తెలుగులో కూడా ఉంటాయి. 42 అనగానే నాకు ధైర్యం వచ్చింది, కానీ క్వాలిఫై కావడం వేరు, ఇల్లు వదలకుండా చదవగలిగే కాలేజీలో సీటు రావడం వేరు. నాకు కర్నూలు తప్ప ఇంకో ఊరు కుదరదు.

మొదటి దెబ్బ పుస్తకం దగ్గరే తగిలింది. పాత పుస్తకాల కొట్టులో ఒక గైడు 180 రూపాయలకు తెచ్చాను. మూడు వారాలు దాంట్లో ఐపీసీ సెక్షన్లు బట్టీ పట్టాక తెలిసింది, 2024 జూలై 1 నుంచి ఐపీసీ పోయి భారతీయ న్యాయ సంహిత వచ్చిందని. 511 సెక్షన్లు 358 అయ్యాయి. హత్య 302 కాదు 103, మోసం 420 కాదు 318. ఏడుపొచ్చింది నిజంగా. మళ్లీ 450 పెట్టి కొత్త పుస్తకం కొన్నాను. ఆ తర్వాత ఒక రోజు డ్యూటీలో ఎంఎల్‌సీ ఫైలు సర్దుతుంటే పోలీసులిచ్చిన ఎఫ్ఐఆర్ నకలు కనపడింది, దాని మీద 281, 125 అని సెక్షన్లు. అన్నాళ్లూ ఆ కాగితాన్ని పిన్ను కొట్టి ఫైల్లో పెట్టానే గానీ చదవలేదు. 281 అంటే అజాగ్రత్తగా బండి నడపడం, 125 ఇతరుల ప్రాణానికి ముప్పు తేవడం, మనిషి పోతే 106. పైన చూస్తే బీఎన్ఎస్ఎస్ 173, అంటే పాత సీఆర్‌పీసీ బదులు వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో ఎఫ్ఐఆర్ రాసే సెక్షన్. అప్పటి నుంచి ప్రతి ఎఫ్ఐఆర్ కాగితం నాకు పాఠమే. ఎవరి పేర్లూ బయట చెప్పకుండా, సెక్షన్లు మాత్రం చూసి గుర్తుపెట్టుకునేదాన్ని.

చట్టంలో వాడే లాటిన్ మాటలూ అట్లనే ఎక్కాయి. 'వోలెంటి నాన్ ఫిట్ ఇంజూరియా' అంటే తెలిసి ఒప్పుకున్న ప్రమాదానికి నష్టపరిహారం అడగలేరు అని. మేం ఆపరేషన్‌కి ముందు సంతకం పెట్టించుకునే కన్సెంట్ ఫారం గుర్తొచ్చింది. అయితే డాక్టరు నిర్లక్ష్యానికి ఆ సంతకం అడ్డు కాదని కూడా అప్పుడే చదివాను. 'రెస్ ఇప్సా లోక్విటర్', జరిగిన సంగతే తప్పు ఎవరిదో చెప్తుంది అని, కడుపులో దూది మర్చిపోవడం దానికి ఉదాహరణ. మీరు ఏ పని చేస్తున్నా ఆ పనిలో చట్టం ఎక్కడుందో వెతకండి, గైడు ఐదుసార్లు చదివినా గుర్తుండనిది ఒక్కసారికే ఉండిపోతుంది.

ఇక టైం. పొద్దున నాలుగున్నర నుంచి ఆరు దాకా అనుకున్నాను. మాకు కుళాయి రోజు విడిచి రోజు, అదీ ఐదింటికే వస్తుంది. నీళ్లొచ్చే రోజు అరగంట కూడా దక్కేది కాదు. బిందెలు పట్టుకుంటూ రాజ్యాంగంలోని ఆర్టికల్స్ పైకి చెప్పుకునేదాన్ని, 14 సమానత్వం, 19 స్వేచ్ఛలు, 21 ప్రాణం, 32 సుప్రీంకోర్టు, 226 హైకోర్టు. అత్త లేచి చూసి "యేం పాపా, తెల్లారకముందే ఆ బుక్కు పట్టుకుంటాండావు, ఆస్పత్రి లెక్కలా" అంది. "అవునత్తా" అన్నాను. ఆమె స్టవ్ మీద పాలు పెట్టి "కండ్లు పోతాయి, లైటేసుకో" అని పోయింది. ఆ అబద్ధం నాలుగు నెలలు మోశాను.

పొద్దున ఆ గంటన్నర చాలక నైట్ డ్యూటీ మీద కన్ను పడింది. రాత్రి పన్నెండు దాటాక మా డెస్కులో పని తక్కువ, కేసు రాకపోతే నాలుగు దాకా చదువుకోవచ్చు. నా తోటి ఆమెతో మాట్లాడుకుని నా పగటి డ్యూటీలు ఆమెకి, ఆమె నైట్లు నాకు మార్చుకున్నాం. ఆమె నాకు ఆరేళ్లుగా స్నేహితురాలు, ఒకే డబ్బా అన్నం ఇద్దరం తిన్న రోజులున్నాయి. నైట్లు చేస్తే పగలు నిద్ర రాక తల దిమ్ముగా ఉండేది, పైగా బాబు బడి నుంచి వచ్చేసరికి నేను పడుకుని ఉండేదాన్ని. ఏప్రిల్ మధ్యలో అది ఆపేసి అడ్డం తిప్పాను, మాక్ టెస్టులు రాయాల్సిన రోజుల్లో నా డ్యూటీ ఆమెను చేయమని అడగడం మొదలుపెట్టాను. ఆమె ఒక్కసారి కూడా కాదనలేదు. ఎన్ని అప్పున్నానో చిన్న నోటుబుక్కులో రాసుకున్నాను, మే మొదటికి పదకొండు అయ్యాయి.

అప్లికేషన్ ఏప్రిల్లో పెట్టాను. బీసీకి అప్పుడు ఫీజు 850. ఇక్కడొక చిన్న సంగతి, పెళ్లైన ఆడవాళ్లకి పనికొస్తుంది. నా టెన్త్ మెమోలో పుట్టింటి ఇంటిపేరు, ఆధార్‌లో అత్తింటి ఇంటిపేరు. నెట్ సెంటరు అబ్బాయి ఆధార్ చూసి కొట్టబోయాడు, ఆపి టెన్త్ మెమోలో ఉన్నట్టే కొట్టించాను. డిగ్రీ కాగితాలన్నీ ఆ పేరు మీదే ఉంటాయి కదా. మ్యారేజ్ సర్టిఫికెట్ నకలు ఒకటి పక్కన పెట్టుకున్నాను, పరీక్ష రోజు ఎవరూ అడగలేదు గానీ అది ఉందన్న ధైర్యం వేరు.

కరెంట్ అఫైర్స్ చీటీలు రాసి వంటింట్లో ఫ్రిజ్ పక్క గోడకి అంటించేదాన్ని. ఏప్రిల్ 22న పహల్గాం ఉగ్రదాడి, మే 7న ఆపరేషన్ సిందూర్, రోజూ కొత్త చీటీ. సుప్రీంకోర్టు ప్రధాన న్యాయమూర్తి సంజీవ్ ఖన్నా అని రాసిన చీటీ మే 14న కొట్టేసి బీఆర్ గవాయ్ అని రాశాను. మా దగ్గరి సంగతులు మాత్రం చీటీ లేకుండానే వచ్చేవి, రాయలసీమ, కోస్తా నాయకుల మధ్య 1937 శ్రీబాగ్ ఒప్పందం, 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రానికి కర్నూలు రాజధాని, మా పక్కనే పెద్దపాడులో పుట్టి మద్రాసులో లా చదివి ముఖ్యమంత్రి అయిన దామోదరం సంజీవయ్య. చిన్నప్పటి నుంచి విన్న పేరే, ఆయన లాయరు అని మాత్రం ఇప్పుడే మనసుకెక్కింది.

మే నెల గురించి రాయడం కష్టంగా ఉంది.

మా ఆయన షాపు మూసి ఇంటికి వచ్చేసరికి రాత్రి పది. అన్నం తిని కాసేపు మాట్లాడుకోవడం మాకు పెళ్లైన కాణ్ణుంచి అలవాటు. నేను ఆ టైంలో ఫోన్లో మాక్ టెస్టు పెట్టుకుని కూచునేదాన్ని. ఆయన ఏదో మొదలుపెడితే "రేపు చెప్పండి" అనేదాన్ని. ఆయన సరే అని పడుకునేవాడు. చెల్లెలి పెళ్లికి డబ్బు చాలక అరవై వేలు వడ్డీకి తెచ్చాడు, నూటికి రెండు రూపాయల వడ్డీ. ఆ సంగతి పన్నెండు రోజుల తర్వాత అత్త నోటి నుంచి విన్నాను. మా ఇంట్లో నాకు తెలియకుండా వంద రూపాయల అప్పు కూడా ఎప్పుడూ రాలేదు. ఎందుకు చెప్పలేదని అడిగితే కోపంగా కాదు, మామూలుగానే అన్నాడు, "మూడు దినాలు చెప్పాలని చూసినా, నువ్వు రేపన్నావు" అని. ఆ రాత్రి పుస్తకం తెరవలేదు. ఇద్దరం కూచుని పెళ్లి ఖర్చు మొత్తం కాగితం మీద రాశాం, నా చెవికమ్మలు పెడితే బ్యాంకులో ఎంత వడ్డీకి వస్తుందో చూశాం. మర్నాడే తాకట్టు పెట్టి ఆ రెండు రూపాయల అప్పులో సగం తీర్చేశాం.

అందరూ టైం ఎట్లా దొరికింది అంటారు. టైం దొరకదు, ఎవరో ఒకరి దగ్గర తీసుకుంటాం. నేను తీసుకున్నాను గానీ తీసుకుంటున్నానని ఎవరికీ చెప్పలేదు. నా తప్పంతా అదే.

నా స్నేహితురాలి విషయంలో జరిగింది ఇంకా బాధగా ఉంది. మే 18 ఆదివారం నాకు పగలంతా సెలవు, ఆ రోజు మూడు మాక్ టెస్టులు వరసగా రాయాలని పెట్టుకున్నాను. శనివారం రాత్రి తొమ్మిదింటికి ఆమె ఫోను, వాళ్లమ్మకి కంటి ఆపరేషన్ పొద్దుటికి మారిందని, తన డ్యూటీ చేయగలవా అని. పదకొండు అప్పున్న మనిషిని నేను. "రేపు టెస్టులున్నాయి, ఇంకెవరినైనా అడుగు" అన్నాను. ఒక్క క్షణం ఏమీ మాట్లాడలేదు, తర్వాత "సరేలే" అని పెట్టేసింది. జీతం కోత పడ్డా సెలవు పెట్టి పోయింది. ఆదివారం రాసిన మూడు టెస్టుల్లో నాకు 61, 58, 63 వచ్చాయి. ఆ మార్కులు మర్చిపోలేకపోతున్నాను. సోమవారం డెస్కు దగ్గర క్షమించమని అడిగాను, "దాందేముంది" అంది, కానీ అన్నం డబ్బా తెచ్చుకుని ఒక్కతే క్యాంటీన్‌కి పోయింది.

పెళ్లి మే 28. ఈసారి వానలు ముందే వచ్చేశాయి, పందిరి తడిసి ఒక గందరగోళం. ముందు రోజు సాయంత్రం గోరింటాకు పెట్టే అమ్మాయి వచ్చింది. పెళ్లికూతురికి మోచేతుల దాకా పెట్టి, "వదినకు పెట్టండి" అని మా ఆడపడుచు నన్ను లాక్కొచ్చి కూచోబెట్టింది. అంతకు వారం ముందే ఇట్లాంటి పరీక్షలకి గోరింటాకు పెట్టుకుంటే బయోమెట్రిక్‌లో వేలిముద్ర సరిగా పడదని చదివాను. పరీక్ష జూన్ 5, తొమ్మిది రోజులే ఉంది. చేయి వెనక్కి తీసుకున్నాను. ఏదో నీళ్ల పనుంది, వంట పనుంది అన్నాను. ఆ పిల్ల నా రెండు చేతులూ పట్టుకుని అరచేతులు తిప్పి చూసింది. "నా పెండ్లికి ఖాళీ చేతుల్తో నిలబడతావా వదినా" అంది. చుట్టూ ఆడవాళ్లు, మా చిన్నత్తలు, ఎదురింటి వాళ్లు. ఆమె కళ్లల్లో నీళ్లు. నేను ఏదో ఇష్టం లేక చేస్తున్నాననుకుంది.

అప్పుడు చెప్పేశాను. లాసెట్ రాస్తున్నానని, ఫిబ్రవరి నుంచి చదువుతున్నానని, వేలిముద్ర కోసమని. ఎవరూ మాట్లాడలేదు. అత్త మాత్రం "అయితే అవి ఆస్పత్రి లెక్కలు కావా" అంది. తిట్టలేదు. నేను కోడలిని అయి ఎనిమిదేళ్లు, ఆమె ముఖంలో అంత చిన్నబోవడం ఎప్పుడూ చూడలేదు. తిట్టినా బాగుండేది అనిపించింది. రాత్రి అందరూ పడుకున్నాక నా పక్కన వచ్చి కూచుని, "నేను చదువుకోలేదని చెప్పలేదా" అని అడిగింది. కాదత్తా, రాకపోతే సిగ్గనిపించి చెప్పలేదు అన్నాను. "వస్తే వస్తాది, లేకుంటే లేదు, దాంట్లో సిగ్గేముంది, పొద్దున నీళ్లు నేను పట్టేదాన్ని కదా" అంది. నాలుగు నెలలు నేను బిందెల దగ్గర పోగొట్టుకున్న అరగంటలు ఒక్క మాట అడిగి ఉంటే వచ్చేవి.

జూన్ 5, గురువారం. పరీక్ష పొద్దున తొమ్మిదింటికి, నంద్యాల రోడ్డు వైపు ఒక కాలేజీ. ఏడున్నరకల్లా గేటు దగ్గరున్నాం, మా ఆయనే బండి మీద దించాడు. నిమిషం ఆలస్యమైనా లోపలికి రానివ్వరు, అది నిజం. హాల్ టికెట్, ఒరిజినల్ గుర్తింపు కార్డు, పెన్ను అంతే, వాచీ కూడా వద్దన్నారు. నా ముందు ఒకమ్మాయి రెండు చేతులా ఎర్రగా పండిన గోరింటాకు. మెషిన్ మీద వేలు పెట్టింది, పడలేదు. తుడుచుకుని ఇంకోటి పెట్టింది. మూడో వేలికి పడింది, లోపలికి పోయింది. నా వేలు మొదటిసారికే పడింది. అక్కడ నిలబడి నాకు తోచింది ఒకటే, చేతుల వెనక వైపు పెట్టించుకుని ఉంటే సరిపోయేది కదా, వేలికొసలు వదిలేసి. మా ఆడపడుచు పెళ్లి ఫొటోల్లో నా చేతులు ఖాళీగానే ఉండిపోయాయి.

లోపల ఏసీ చలికి వేళ్లు బిగుసుకుపోయాయి. లా ప్రశ్నలు ముందు చేశాను, 60కి నలభై నిమిషాలు పట్టింది. కరెంట్ అఫైర్స్ తెలిస్తే క్షణం, తెలియకపోతే ఎంత చూసినా తెలియదు, గబగబా పోయాను. లెక్కలు చివరికి పెట్టుకున్నాను, ఎనిమిది ప్రశ్నలు చదవకుండానే ఏదో ఒకటి నొక్కాను, నెగెటివ్ లేదు కాబట్టి. బయటికి వచ్చేసరికి మా ఆయన ఇంకా అక్కడే చెట్టు కింద ఉన్నాడు, షాపుకి పోలేదు. ఇద్దరం ఉగ్గాని తిన్నాం. ఆ రోజు పరీక్ష గురించి ఒక్క మాట మాట్లాడుకోలేదు, ఆయన షాపు గురించే చెప్తూ ఉంటే విన్నాను.

ఫలితం జూన్‌లోనే వచ్చింది. 68 మార్కులు, ర్యాంకు నాలుగంకెల్లో. తర్వాత మొదలైంది అసలు ఎదురుచూపు. జూలై అంతా, ఆగస్టు అంతా కౌన్సెలింగ్ తేదీ లేదు. రోజుకి రెండుసార్లు వెబ్‌సైట్ చూడటం, ఏమీ లేక మూసేయడం. ఆస్పత్రిలో చెప్పాలా వద్దా, చెప్తే ఉన్న ఉద్యోగం పోతుందా, ఈ టెన్షన్ పరీక్ష కంటే ఎక్కువ. ప్లాన్ చేసుకునేవాళ్లు ఈ మూడు నెలలను లెక్కలో వేసుకోండి. ఆ ఖాళీలోనే స్టడీ సర్టిఫికెట్లు, టీసీ, కులం, ఆదాయం సర్టిఫికెట్లు సర్దిపెట్టుకోండి, నాకు తొమ్మిదో తరగతి స్టడీ సర్టిఫికెట్ కోసమే మా పుట్టింటి ఊరికి రెండుసార్లు తిరగాల్సి వచ్చింది. సెప్టెంబరులో కౌన్సెలింగ్ పడింది. వెబ్ ఆప్షన్లలో మొదట మా ఊరి ప్రసున్న లా కాలేజీ పెట్టాను, సీటు వచ్చింది. మెసేజ్ వచ్చినప్పుడు డెస్కులో ఉన్నాను, ఎదురుగా ఒక పెద్దాయన బిల్లు తప్పుందని గొడవ చేస్తున్నాడు. ఆయన బిల్లు సరిచేసి పంపాకే మళ్లీ ఫోను తీసి చూసుకున్నాను.

అప్పటిదాకా ఖర్చు చెప్పాలంటే, ఫీజు, రెండు పుస్తకాలు, మాక్ టెస్టులకు 499, జిరాక్సులు, సర్టిఫికెట్ల కోసం తిరిగినవి, కోత పడ్డ రెండు రోజుల జీతం అన్నీ కలిపి ఐదు వేలలోపే. కమ్మలు ఇంకా బ్యాంకులోనే ఉన్నాయి.

క్లాసులకు 70 శాతం హాజరుండాలి. మేనేజరుతో మాట్లాడి పర్మనెంట్‌గా నైట్లు తీసుకున్నాను. రాత్రి ఎనిమిది నుంచి పొద్దున ఎనిమిది, ఇంటికి వచ్చి స్నానం చేసి కాలేజీ, మధ్యాహ్నం నిద్ర. ఈసారి ఏదీ దాచలేదు. నెల మొదట్లో నా డ్యూటీలు, క్లాసులు, బాబు పరీక్షలు, మా ఆయన సెలవులు అన్నీ ఒకే కాగితం మీద రాసి ఫ్రిజ్ పక్కన అంటిస్తాను, కరెంట్ అఫైర్స్ చీటీలు ఉండే చోట. అత్తకి చదవడం రాదు కాబట్టి నైట్ డ్యూటీకి నల్ల చుక్క, క్లాసుకి ఎర్ర చుక్క పెడతాను. నీళ్లొచ్చే రోజు ఆమెదే.

నా స్నేహితురాలు మాట్లాడుతుంది, పని మాటలే. నోటుబుక్కులో రాసుకున్న పదకొండు డ్యూటీలు వాపసు చేస్తున్నాను. నేను చెప్పినప్పుడు "అవన్నీ ఎందుకులే" అంది, అయినా ఆమెకి అవసరమైన రోజులు కనుక్కుని నేనే అడిగి తీసుకుంటున్నాను. అక్టోబరు 20, దీపావళి రోజు ఆమెకి పగలు డ్యూటీ పడింది. పిల్లలతో ఇంట్లో ఉండమని అది నేను చేశాను. సాయంత్రం నేను దిగే టైంకి వాళ్లబ్బాయి చేత మా డెస్కుకి ఒక స్టీలు డబ్బా పంపింది, కజ్జికాయలు. అందులో చీటీ ఏమీ లేదు. డబ్బా కడిగి, మా ఇంట్లో చేసిన మైసూర్ పాక్ పెట్టి మర్నాడు ఆమె టేబుల్ మీద ఉంచాను. నోటుబుక్కులో ఇంకా ఏడు ఉన్నాయి.